క్వాంటమ్ పరిశ్రమ నిలబడాలంటే ఎవరు ఎవరి దగ్గర కొనాలి?

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. చర్లపల్లిలో మీది చిన్న ప్రెసిషన్ మెషినింగ్ యూనిట్, ఎక్కువగా డిఫెన్స్ జాబ్ వర్కు చేస్తారు. ఒక పక్క కేంద్రం నేషనల్ క్వాంటమ్ మిషన్ అంటోంది, ఇంకో పక్క అమరావతిలో క్వాంటమ్ వ్యాలీ, బెంగళూరు వాళ్లది మళ్లీ వేరే మిషన్. ఇన్ని చేతులు, ఇంత డబ్బు కలిసి నిజంగా ఒక పరిశ్రమ అవుతాయా, అందులో మీలాంటి వాళ్లకి పని ఉంటుందా, ఇదంతా కలపాల్సింది ఎవరు అని అడిగారు.

అతి తక్కువ ఉష్ణోగ్రతల ల్యాబులకి పరికరాలు తెప్పించడం, బిగించడం, వాటికి స్పెసిఫికేషన్లు, టెండరు కాగితాలు రాయడం నేను చాలా ఏళ్లుగా చేస్తున్న పని. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను. ముందు సూటిగా చెప్పేస్తా. పని ఉంది, మొదలుపెట్టడానికి డబ్బూ ఉంది. ఒక శాఖ చేతిలో ఉన్న సరుకు ఇంకో శాఖ గ్రాంటుతో నడిచే కంపెనీకి చేరి, ఆ కంపెనీ చేసిన వస్తువుని మూడో శాఖ డబ్బిచ్చి కొనాలి, ఆ దారే ఇంకా పడలేదు. ప్రభుత్వ సమన్వయం అంటే నా లెక్కలో ఆ దారి వేయడమే. సమ్మిట్లు, ఎంఓయూలు, సలహా సంఘాలు కూడా ఉండాల్సిందే, ఐతే వాటిని చూసి ఎవరూ కొత్త మెషీన్ కొనరు కదా.

క్వాంటమ్ కంప్యూటర్ అని పేపర్లో మీకు కనిపించే ఆ బంగారు రంగు పరికరం నిజానికి ఫ్రిజ్. డైల్యూషన్ రిఫ్రిజిరేటర్ అంటారు. ఒకదాని కింద ఒకటి వేలాడే గుండ్రటి లోహపు పలకలు, పైది 50 కెల్విన్ దగ్గర (సున్నా కెల్విన్ అంటే ఇంతకంటే చల్లబడలేని అట్టడుగు), దాని కిందది 4 కెల్విన్ దగ్గర, అలా దిగుతూ దిగుతూ అట్టడుగు పలక 10, 20 మిల్లీకెల్విన్ (కెల్విన్‌లో వెయ్యో వంతులు) దగ్గర ఉంటుంది. అసలు కంప్యూటర్ అనదగ్గ చిప్పుని ఆ అట్టడుగు పలక కింద బిగిస్తారు, అది చాలా చిన్నది. చిప్పు, పంపులు, ఎలక్ట్రానిక్స్ పక్కన పెడితే మిగిలినదాంట్లో చాలా భాగం మీలాంటి షాపుల్లో చేయగల పనే: ఆక్సిజన్ లేని రాగి పలకలు, వాటి మీద బంగారు పూత, అల్యూమినియం రేడియేషన్ షీల్డులు, వాక్యూమ్ క్యాన్లు, కేబుళ్లని పలకకి ఒత్తిపట్టే క్లాంపులు, చిప్పు పెట్టే రాగి డబ్బా. ఇప్పుడు ఫ్రిజ్‌లు ఎక్కువగా ఫిన్లాండ్‌లోని బ్లూఫోర్స్ నుంచో, బ్రిటన్‌లో 2025 దాకా ఆక్స్‌ఫర్డ్ ఇన్‌స్ట్రుమెంట్స్ కింద ఉన్న యూనిట్ నుంచో వస్తున్నాయి. లోపలి సూపర్‌కండక్టింగ్ (బాగా చల్లబడితే కరెంటుకి నిరోధం లేకుండా పోయే) కేబుళ్లు చాలా ల్యాబులు జపాన్ నుంచి తెప్పించుకుంటాయి.

ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పాలి, మొత్తం సమస్య ఇందులోనే కనిపిస్తుంది. రాగి మీద బంగారు పూత వేయమంటే మన ప్లేటింగ్ షాపుల్లో మామూలుగా ముందు నికెల్ వేసి, దాని మీద బంగారం వేస్తారు. ఎలక్ట్రానిక్ కనెక్టర్లకి అదే సరైన పద్ధతి, ఎందుకంటే మధ్యలో నికెల్ లేకపోతే రాగి మెల్లగా బంగారంలోంచి పైకి వచ్చేస్తుంది. కానీ నికెల్ అయస్కాంత లోహం. క్యూబిట్ల (చిప్పు మీద లెక్కలు చేసే మూల భాగాలు) పక్కన దాన్ని పెట్టకూడదు, వాటికి చుట్టూ ఎంత తక్కువ అయస్కాంత క్షేత్రం ఉంటే అంత మంచిది. నేను చూసిన ఒక జాబులో పలకలు కొలతల్లో వంక పెట్టడానికి లేకుండా వచ్చాయి, పూత అద్దంలా ఉంది, ఎక్స్‌ఆర్ఎఫ్ (ఎక్స్-రేలతో పూతలో ఏ లోహాలున్నాయో చూపే పరికరం) పెట్టి చూస్తే కింద నికెల్. లాటంతా పక్కన పెట్టేశారు. డ్రాయింగ్ గీసిన పరిశోధక విద్యార్థికి ప్లేటింగ్ షాపులో నికెల్ వేస్తారని తెలీదు, షాపు వాళ్లకి ఆ పలక దేనికోసమో తెలీదు. "నికెల్ వద్దు" అని డ్రాయింగ్‌లో ఒక్క లైను ఉంటే సరిపోయేది. తర్వాత ఆ ల్యాబు ఎక్కువ డబ్బు పెట్టి విదేశీ కంపెనీ దగ్గరే తెప్పించుకుంది, మన షాపు ఆ పని మళ్లీ ముట్టుకోనంది. ఇద్దరిదీ తప్పని నేను అనను.

ఇలాంటి విషయాలు పది పదిహేను ఉంటాయి. మామూలు స్టీలు స్క్రూలు వద్దు, ఇత్తడివో టైటానియంవో వాడాలి. స్టెయిన్‌లెస్ స్టీలు మెషినింగ్‌లో కొంత అయస్కాంత గుణం తెచ్చుకుంటుంది, ఏ గ్రేడు తీసుకోవాలో ముందే చూసుకోవాలి. వీటన్నిటినీ తెలుగులోనో ఇంగ్లీషులోనో నాలుగు పేజీల్లో రాసి, దేశంలో ప్రతి ల్యాబుకీ ప్రతి వర్క్‌షాపుకీ ఇవ్వడం ఎవరి ఉద్యోగం? ఏ పదవికీ రాసిచ్చిన పని కాదది. నేను సమన్వయం అనేది ముందు ఈ స్థాయిలో.

దీన్నే ఇంకొంచెం పెద్దగా చూద్దాం. ఆ సూపర్‌కండక్టింగ్ కేబుళ్లలో ఎక్కువ వాడేది నయోబియం-టైటానియం మిశ్రలోహం. నయోబియం మీద పనిచేసిన అనుభవం మీ చర్లపల్లి పక్కనే ఉన్న న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌కి ఉంది, అది అణుశక్తి శాఖ కింద ఉంటుంది. ఇక ఫ్రిజ్‌లో తిరిగే హీలియం సంగతి. అది హీలియం-3, హీలియం-4 కలిసిన మిశ్రమం. హీలియం-4 సిలిండర్లలో దొరుకుతుంది. హీలియం-3 ప్రకృతిలో దాదాపు లేదు, ట్రిటియం క్షీణించినప్పుడు పుడుతుంది, ట్రిటియం సగానికి తగ్గడానికి 12.3 ఏళ్లు పడుతుంది. ఇన్నాళ్లూ ప్రపంచానికి అది ఎక్కువగా అమెరికా, రష్యాల అణ్వాయుధ కార్యక్రమాల నిల్వల నుంచే వచ్చింది, అందుకే ధర అలా ఉంటుంది, అనుమతులు అలా ఉంటాయి. కెనడా వాళ్లేం చేశారంటే, డార్లింగ్టన్ అణువిద్యుత్ కేంద్రంలో భారజలం నుంచి వేరు చేసి దాచిన ట్రిటియంలోంచి హీలియం-3 తీసి అమ్మడం 2021లో మొదలుపెట్టారు. మన అణు రియాక్టర్లలో ఎక్కువ భాగం భారజలంతో నడిచేవే. ఆ భారజలం తయారు చేసే ప్లాంటు మన మణుగూరు దగ్గర కూడా ఉంది. మన రియాక్టర్ల నుంచి కూడా హీలియం-3 తీయొచ్చా, గిట్టుబాటు అవుతుందా అన్నది అణుశక్తి శాఖ వాళ్లు కూర్చుని తేల్చాల్సిన లెక్క. మిషన్‌ని నడిపేది మాత్రం సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ. ఈ శాఖకి ఆ గ్యాసు కావాలి, ఆ శాఖకి క్వాంటమ్ కంప్యూటర్ అన్నది ముఖ్యమైన లక్ష్యం కాదు. ఇలాంటి చోట రెండు శాఖలకీ పైనున్న ఒక మనిషి "ఇది మీరు చేయండి, ఖర్చు ఫలానా పద్దులోంచి వస్తుంది, ఫలానా నెలకి రిపోర్టు కావాలి" అని చెప్పకపోతే అది ఎన్నేళ్లైనా జరగదు.

మిషన్ నిర్మాణం చెడ్డదని మాత్రం అనను. 2023 ఏప్రిల్ 19న కేంద్ర కేబినెట్ 6,003.65 కోట్లతో, 2023-24 నుంచి 2030-31 దాకా ఆమోదించింది. కంప్యూటింగ్‌కి బెంగళూరు ఐఐఎస్సీ, కమ్యూనికేషన్‌కి ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్‌తో కలిసి ఐఐటీ మద్రాస్, సెన్సింగ్‌కి ఐఐటీ బాంబే, మెటీరియల్స్, డివైజులకి ఐఐటీ ఢిల్లీ, ఇలా నాలుగు హబ్‌లు. వాటి కింద 14 టెక్నికల్ గ్రూపులు, 43 సంస్థల నుంచి 152 మంది పరిశోధకులు. గవర్నింగ్ బోర్డుకి హెచ్‌సీఎల్ వ్యవస్థాపకుల్లో ఒకరైన అజయ్ చౌదరిని అధ్యక్షుడిగా పెట్టారు, పరిశ్రమలో తల పండిన మనిషిని అక్కడ కూర్చోబెట్టడం మంచి నిర్ణయం. ఒక్కో రంగానికి ఒక్కో హబ్ అనుకోవడం వల్ల ప్రతి ఐఐటీ అన్నీ కొనుక్కునే దుబారా కొంత తగ్గుతుంది. 2025 నవంబరులో ఐఐటీ బాంబే, ఐఐఎస్సీ, ఐఐటీ కాన్పూర్, ఐఐటీ ఢిల్లీల్లో 720 కోట్లతో ఫ్యాబ్రికేషన్ సౌకర్యాలు ప్రకటించారు, అదీ సరైన దిశే.

నాకు బాధ కలిగించేది కాలం. 2020 ఫిబ్రవరి బడ్జెట్‌లో ఐదేళ్లకి 8,000 కోట్లు అని ప్రకటించారు. ఆమోదం వచ్చేసరికి మూడేళ్లు దాటింది, మొత్తం తగ్గింది, గడువు ఎనిమిదేళ్లకి సాగింది. హబ్‌ల పేర్లు బయటికి రావడానికి 2024 సెప్టెంబరు ఆఖరు అయింది. ఆరువేల కోట్లని ఎనిమిదితో భాగిస్తే ఏడాదికి 750 కోట్లు, 2025-26 బడ్జెట్‌లో పెట్టింది 600 కోట్లు. ఈ రంగంలో ఆలస్యం ఖర్చు డబ్బుల్లో కనిపించదు. పీహెచ్‌డీ పూర్తయిన పిల్లలకి పెళ్లీడు వస్తుంది, ఇంట్లో అడుగుతుంటారు, ఫెలోషిప్పు అయిపోతుంది, మూడేళ్లు ప్రకటన చూస్తూ కూర్చోలేరు. నెదర్లాండ్స్‌లోనో అమెరికాలోనో ఉద్యోగం వస్తే వెళ్లిపోతారు. నాకు తెలిసిన మంచి చేతులు చాలా అలాగే వెళ్లాయి. మిల్లీకెల్విన్ ఫ్రిజ్‌ని తెల్లవారుజామున మొండికేసినప్పుడు దారికి తేగల మనిషిని ఏ ప్యాకేజీతోనూ ఆర్నెల్లలో తయారు చేయలేం.

2024 నవంబరులో మిషన్ మొదటి విడతగా ఎనిమిది స్టార్టప్‌లని ఎంచుకుంది. ఆ ఎంపిక చేసినవాళ్లని మెచ్చుకోవాలి. కంప్యూటర్ చేస్తామనే వాళ్లతో ఆగకుండా విడిభాగాల వాళ్లని కూడా తీసుకున్నారు. క్రయోజెనిక్ (అతి చల్లని చోట వాడే) కేబుళ్లకి డిమిరా, లేజర్లకి ప్రెనిష్క్, ఒక్కొక్క ఫోటాన్‌ని పట్టే డిటెక్టర్లకి క్వాన్2డి, సెన్సర్లలో వాడే వజ్రాలకి అహ్మదాబాద్‌లోని ప్రిస్టీన్ డైమండ్స్. క్యూపై ఏఐ అన్న బెంగళూరు కంపెనీ 2025 ఏప్రిల్‌లో 25 క్యూబిట్ల యంత్రం చూపించింది, జులైలో ఆ కంపెనీలోకి వచ్చిన 3.2 కోట్ల డాలర్ల పెట్టుబడిలో మిషన్ కూడా భాగం తీసుకుంది. అంటే ప్రభుత్వం గ్రాంటు దాటి వాటాదారు కూడా అయింది. బాగుంది. ఇక లక్ష కోట్ల ఆర్‌డీఐ (పరిశోధన, అభివృద్ధి, నవకల్పన) ఫండ్ ఉంది, 2025 జులైలో ఆమోదించారు, క్వాంటమ్ కూడా దాని పరిధిలో ఉంది, ఐతే అది ల్యాబు దశ దాటినవాళ్లకి ఇచ్చే దీర్ఘకాల అప్పు లేదా వాటా, గ్రాంటు కాదు. అప్పు తీసుకున్నవాడికి ఆర్డరు ఉండాలి, లేకపోతే తీర్చేదెలా? మళ్లీ అదే ప్రశ్నకి వస్తాం, కొనేదెవరు.

మీకు ఇస్రో, డీఆర్‌డీఓ పని తెలుసు కాబట్టి ఇది మీకు చెప్పడం తేలిక. హైదరాబాద్‌లో బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి షాపులు ఆ స్థాయికి ఎలా ఎదిగాయి? కొనేవాడు ఒక్కడే, వాడికి ఏం కావాలో వాడికి తెలుసు. డ్రాయింగ్ వాడే ఇచ్చాడు, ఖరీదైన లోహం ఫ్రీ ఇష్యూ కింద వాడే ఇచ్చాడు, ఇన్‌స్పెక్టర్ని వాడే పంపాడు, మొదటి లాటు తిరగ్గొడితే ఎందుకు తిరగ్గొట్టాడో చెప్పాడు, రెండో లాటు కూడా మీకే ఇచ్చాడు. ఆ రెండో లాటే మీ యూనిట్‌ని నిలబెట్టి ఉంటుంది. క్వాంటమ్‌లో అలాంటి ఒక్క కొనుగోలుదారు లేడు. నలభై పైచిలుకు సంస్థలు ఉన్నాయి, ఒక్కొక్కరికీ రెండు పలకలు, మూడు డబ్బాలు కావాలి, అందరి డ్రాయింగులూ వేరు, అందరి పర్చేజ్ సెక్షన్లూ వేరు, స్క్రూ రంధ్రాల మధ్య దూరం కూడా వేరు. రెండు పలకల కోసం మీరు ప్రోగ్రామ్ రాసి ఫిక్స్చర్ చేసి ధర చెప్తే అది దిగుమతి ధరతో సమానం అవుతుంది, అప్పుడు ప్రొఫెసరు అనుభవం ఉన్న విదేశీ కంపెనీ వైపే చూస్తాడు. అతని చోట నేనున్నా అదే చేస్తాను, ఎందుకంటే అతనికి మూడేళ్లలో ఫలితం చూపించాలి.

కాబట్టి మిషన్ చేయగలిగిన, వెంటనే చేయాల్సిన పని ఒకటి ఉంది. నాలుగు హబ్‌లు కలిసి, మన దేశంలో వచ్చే నాలుగేళ్లకి ఏయే విడిభాగాలు ఎన్ని కావాలో ఒక్క జాబితా చేయాలి. అందులో కామన్‌గా ఉన్నవాటికి ఒకే డ్రాయింగ్ ఖరారు చేయాలి. ఆ డ్రాయింగుకి ఒక హబ్ అందరి తరఫున ఆర్డరు పెట్టాలి, అదీ ఇద్దరు సరఫరాదారులకి తక్కువ కాకుండా. డబ్బు ఇప్పటికే సంస్థల గ్రాంటుల్లో ఉంది, కొత్తది అక్కర్లేదు. ఇంత చిన్న మాట చెప్పడానికి నిపుణుడు కావాలా అని మీకు అనిపించొచ్చు, కానీ ఇది జరగాలంటే 43 పర్చేజ్ కమిటీలు తమ అధికారం కొంత వదులుకోవాలి. మన వ్యవస్థలో దానికి మించిన కష్టమైన పని ఇంకోటి లేదు.

టెండరు నిబంధనల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే చాలామంది ఆగిపోతున్నారు. గుర్తింపు ఉన్న స్టార్టప్‌లకి గత అనుభవం, టర్నోవరు షరతులు సడలించొచ్చని కేంద్రం ఎప్పుడో చెప్పింది. ఐతే "నాణ్యత, సాంకేతిక ప్రమాణాలకి లోబడి" అని ఒక ముక్క ఉంటుంది. కొనే అధికారి ఆ ముక్కని చూసి వెనక్కి తగ్గుతాడు. కొత్త కంపెనీకి ఇస్తే, అది ఫెయిలైతే, ఐదేళ్ల తర్వాత ఆడిట్ వాడు అడిగేది అతన్నే. పేరున్న విదేశీ కంపెనీకి ఇచ్చి అది ఫెయిలైతే ఎవరూ ఏమీ అడగరు. ఆ టెన్షన్ తీసేయకుండా ఎన్ని సడలింపులు రాసినా ఉపయోగం లేదు. దీనికి నాకు కనిపించే పరిష్కారం డెవలప్‌మెంట్ ఆర్డరు: ఇది ప్రయోగాత్మక కొనుగోలు, మూడింట ఒకటి ఫెయిలవుతుందని ముందే రాసుకున్నాం అని మిషన్ స్థాయిలోనే ప్రకటించి, ఆ పద్దుని వేరుగా పెట్టడం. 2025 జూన్‌లో పరిశోధన సంస్థల కొనుగోళ్లకి మంచి సడలింపులు ఇచ్చారు, జెమ్ పోర్టల్ (ప్రభుత్వ కొనుగోళ్ల వెబ్‌సైటు) బయట కొనొచ్చు, 200 కోట్ల దాకా గ్లోబల్ టెండరుకి డైరెక్టరే అనుమతి ఇవ్వొచ్చు. ల్యాబులకి ఇది పెద్ద ఊరట, నెలల తరబడి ఫైలు తిరిగే బాధ తప్పింది. కానీ గమనించండి, దానివల్ల ముందుగా తేలికయ్యేది దిగుమతి. దానితో పాటు దేశీయ డెవలప్‌మెంట్ ఆర్డర్లు కూడా అంతే తేలిక కాకపోతే, మన చిన్న కంపెనీలు ఇంకా వెనకబడతాయి.

ఆ దిగుమతి దారి ఎప్పటికీ తెరిచే ఉంటుందన్న నమ్మకం కూడా పెట్టుకోకూడదు. 2024లో బ్రిటన్, ఫ్రాన్స్, స్పెయిన్, నెదర్లాండ్స్, కెనడా 34 క్యూబిట్లు, ఆ పైన ఉండి నిర్ణీత కచ్చితత్వం దాటిన క్వాంటమ్ కంప్యూటర్ల ఎగుమతికి లైసెన్సు తప్పనిసరి చేశాయి. అదే ఏడాది సెప్టెంబరులో అమెరికా కూడా కంప్యూటర్లు, వాటి క్రయోజెనిక్ పరికరాల మీద ఆంక్షల నిబంధనలు తెచ్చింది.

ఇక కమ్యూనికేషన్ వైపు సమస్య వేరే రకం, అక్కడ వస్తువు ఉంది, కొనేవాళ్లే అయోమయంలో ఉన్నారు. క్వాంటమ్ కంప్యూటర్లు పెద్దవైతే ఇప్పటి ఎన్‌క్రిప్షన్ (సమాచారానికి వేసే రహస్య తాళం) కొంత విరిగిపోతుంది. దానికి రెండు మందులు. ఒకటి క్యూకేడీ, అంటే ఫోటాన్ల (కాంతి కణాల) ద్వారా ఆ తాళంచెవులు పంపే పరికరాలు, వాటికి ఫైబరు, డబ్బాలు, డబ్బు కావాలి. రెండోది క్వాంటమ్ కంప్యూటర్లకి లొంగని కొత్త ఎన్‌క్రిప్షన్‌కి సాఫ్ట్‌వేర్ మార్చుకోవడం, దీనికి అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఆగస్టులో మొదటి మూడు ప్రమాణాలు ఖరారు చేసింది. మన టెలికాం ఇంజినీరింగ్ సెంటర్ 2022లోనే క్యూకేడీకి ప్రమాణం తెచ్చింది, డీఆర్‌డీఓ, ఐఐటీ ఢిల్లీ అదే ఏడాది ప్రయాగ్‌రాజ్ నుంచి వింధ్యాచల్ దాకా వంద కిలోమీటర్లకి పైగా మామూలు ఫైబరు మీద చేసి చూపించాయి. మరి బ్రిటన్, అమెరికా భద్రతా సంస్థలు చూస్తే క్యూకేడీ మీద ఆధారపడొద్దు, ముందు సాఫ్ట్‌వేర్ మార్చుకోండి అంటున్నాయి. ఒక సహకార బ్యాంకు ఐటీ మేనేజరు ఈ రెండూ చదివి ఏం చేస్తాడు? ఆగుతాడు. నా అభిప్రాయం అడిగితే, బ్యాంకులకి, ఆసుపత్రులకి, ఆర్టీసీ టికెట్ల సర్వర్లకి సాఫ్ట్‌వేర్ మార్పు చాలు, క్యూకేడీ సైన్యానికి, కొన్ని ముఖ్యమైన లింకులకి పెట్టుకోవచ్చు. నా అభిప్రాయంతో పనేముంది, ప్రభుత్వం తరఫున టెలికాం శాఖ, ఐటీ శాఖ, రిజర్వ్ బ్యాంకు ఒకే కాగితం మీద "ఎవరు, ఏది, ఎప్పటిలోగా" అని రాసి ఇవ్వాలి. బ్రిటన్ వాళ్లు 2028, 2031, 2035 అని మెట్లు పెట్టి చెప్పేశారు. తేదీ చెప్తే చాలు, మార్కెట్టు దానంతట అదే పుడుతుంది, దానికి ఒక్క రూపాయి సబ్సిడీ కూడా అక్కర్లేదు.

బ్రిటన్ పేరు వచ్చింది కాబట్టి, నాకు తెలిసినంతలో సమన్వయం బాగా చేసింది వాళ్లే. 2013లో 27 కోట్ల పౌండ్లు ప్రకటించి, మరుసటి ఏడాదే యూనివర్సిటీల్లో నాలుగు హబ్‌లు మొదలుపెట్టారు. ముఖ్యమైన సంగతి ఏంటంటే, పరిశోధనకి డబ్బిచ్చే మండలి, పరిశ్రమకి డబ్బిచ్చే ఏజెన్సీ, కొలతల ప్రయోగశాల ఎన్‌పీఎల్, రక్షణ ల్యాబు, గూఢచార సంస్థ, వీళ్లందర్నీ మొదట్నుంచీ ఒకే కార్యక్రమంలో కూర్చోబెట్టారు. ప్రభుత్వాలు మారాయి, ప్రధానులు మారారు, కార్యక్రమం ఆగలేదు. 2023లో పదేళ్లకి 250 కోట్ల పౌండ్ల వ్యూహం, దాన్ని చూసుకోవడానికి ప్రత్యేకంగా ఒక ఆఫీసు. ప్రభుత్వ శాఖలే క్వాంటమ్ పరికరాలు కొని వాడి చూడటానికి కోటిన్నర పౌండ్ల చిన్న నిధి కూడా పెట్టారు, మొత్తంలో అది చిల్లరే కానీ నాకు అన్నిటికంటే నచ్చింది అదే. అంత చేసినా చివరికి ఏమైంది, ఆక్స్‌ఫర్డ్ అయానిక్స్ అనే మంచి కంపెనీని 2025లో అమెరికా కంపెనీ అయాన్‌క్యూ వంద కోట్ల డాలర్లకి పైగా పెట్టి కొనేసింది. పెంచినవాళ్ల దగ్గర పెద్ద పెట్టుబడి లేకపోతే అలాగే అవుతుంది, అందుకే మన ఆర్‌డీఐ ఫండ్ డబ్బు సమయానికి కదలడం అంత ముఖ్యం.

ఆస్ట్రేలియా 2024లో కేంద్రం, క్వీన్స్‌లాండ్ రాష్ట్రం చెరి సగం వేసుకుని 94 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు సైక్వాంటమ్ అనే ఒక్క కంపెనీ మీద పెట్టింది. అది గెలవొచ్చు కూడా. కానీ మిగతా కంపెనీల వాళ్లు, మమ్మల్ని ఎందుకు అడగలేదని ఇప్పటికీ అడుగుతుంటారు. అంత పెద్ద పందెం కాసేముందు అమెరికాలో రక్షణ పరిశోధన సంస్థ డార్పా చేస్తున్నట్టు, కంపెనీల మాటల్ని బయటి నిపుణులతో దశలవారీగా పరీక్ష చేయించడం మేలు.

అమరావతి గురించి మీరు ప్రత్యేకంగా అడిగారు. ఐబీఎం క్వాంటమ్ సిస్టమ్ టూ, 156 క్యూబిట్ల హెరాన్ ప్రాసెసరుతో, టీసీఎస్, ఎల్ అండ్ టీ భాగస్వాములుగా, ఉద్దండరాయునిపాలెం దగ్గర 50 ఎకరాల్లో. దీనివల్ల మన పిల్లలకి మంచి యంత్రం మీద చేయి తిరుగుతుంది, ఫార్మా కంపెనీలు, బ్యాంకులు ఏం చేయొచ్చో ప్రయత్నించి చూస్తాయి, ఇదంతా నిజమైన లాభమే, నాకు ఆనందంగానే ఉంది. కానీ ఆ యంత్రం ఐబీఎం తయారు చేసి తెచ్చే పూర్తి పరికరం. దాని మూత మీరు తీయలేరు, దానిలోకి మీ పలక వెళ్లదు. వాడకం నేర్చుకోవడం ఒకటి, తయారీ పరిశ్రమ ఇంకోటి. రెండూ కావాలి, ఒకటి వస్తే రెండోది దానంతట వస్తుందని అనుకోవడమే ప్రమాదం. కర్ణాటక కూడా 2025 జులైలో వెయ్యి కోట్ల మిషన్ ప్రకటించింది, హెసరఘట్టలో క్యూ-సిటీ అంది. రాష్ట్రాలు పోటీ పడటంలో తప్పు లేదు, అందరూ ఒకే పని చేయడంలోనే నష్టం. బెంగళూరులో ఐఐఎస్సీ ఉంది, చిప్పులు అక్కడ చేయనివ్వండి. మన రెండు రాష్ట్రాలకి బలం హైదరాబాద్ మెషినింగ్, ప్రత్యేక లోహాలు, ప్లేటింగ్, విజయవాడ చుట్టూ ఇంజినీరింగ్ కాలేజీలు. అందుకని నేను సలహా ఇచ్చే స్థానంలో ఉంటే, రెండు ప్రభుత్వాల్నీ అడిగేది ఒక ఉమ్మడి టెస్టింగ్ కేంద్రం. ఒక హీలియం లీక్ డిటెక్టరు, ఒక ఎక్స్‌ఆర్ఎఫ్, 4 కెల్విన్ దాకా వెళ్లే ఒక క్రయోస్టాట్, నడిపే ఇద్దరు టెక్నీషియన్లు. రోజుకి ఇంత అని ఫీజు కట్టి ఏ చిన్న యూనిట్ అయినా తన పీసుని అక్కడ చల్లబరిచి చూసుకోవాలి. వ్యాలీకి పెట్టే ఖర్చులో ఇది లెక్కలోకి కూడా రాదు, కానీ ఇది లేకుండా మీలాంటి వాళ్లు ఈ రంగంలోకి రావడం నిజంగా కష్టం, ఎందుకంటే తన వస్తువు పనిచేస్తుందో లేదో తెలుసుకోలేనివాడు దాన్ని అమ్మలేడు.

ఇక మీ సంగతి. దీన్ని నమ్ముకుని కొత్త మెషీన్ మాత్రం కొనకండి. ఇప్పుడున్న డిఫెన్స్ పనే అన్నం పెడుతుంది, దీన్ని పక్కన చిన్న భాగంగా మొదలుపెట్టండి. ఫ్రిజ్ మొత్తం గురించి ఆలోచించొద్దు, చిప్పు పెట్టే రాగి డబ్బా, కేబుల్ క్లాంపులు, అల్యూమినియం షీల్డు, ఈ మూడింట్లో ఒకటి పట్టుకోండి. ఐఐఎస్సీ హబ్‌కో ఐఐటీ ఢిల్లీ హబ్‌కో మెయిల్ పెట్టేటప్పుడు కంపెనీ ప్రొఫైల్, సర్టిఫికెట్లు కుప్పగా పంపడం కన్నా, "మీ దగ్గర వాడి పక్కన పడేసిన ఒక డబ్బా ఉంటే డ్రాయింగ్ ఇవ్వండి, ఒకటి చేసి పంపిస్తాం, నచ్చితేనే డబ్బివ్వండి" అని రాయండి. ఇలాంటి మెయిల్‌కి జవాబు వచ్చే అవకాశం చాలా ఎక్కువ, ల్యాబు నడిపే పోస్ట్‌డాక్‌లు ఇలాంటి వాళ్ల కోసమే వెతుకుతుంటారు. ప్లేటింగ్ వాళ్లకి నికెల్ అండర్‌కోట్ వద్దని రాతపూర్వకంగా ఇచ్చి, ఎక్స్‌ఆర్ఎఫ్ రిపోర్టు తీసుకోండి. షీల్డో క్యానో వెల్డ్ చేస్తే గది ఉష్ణోగ్రతలో లీకు లేదని ఆగిపోవద్దు, చల్లబడి లోహం ముడుచుకున్నాక చాలా జాయింట్లు తెరుచుకుంటాయి. పీసుని ద్రవ నైట్రోజన్‌లో మూడు నాలుగు సార్లు ముంచి తీసి, పూర్తిగా ఆరనిచ్చి, మళ్లీ హీలియం లీక్ టెస్ట్ చేయించి, ముందు రిపోర్టూ తర్వాత రిపోర్టూ రెండూ పీసుతో పాటు పెట్టి పంపండి.